సాగరగర్భ యాత్రికుడు

మన ప్రబంధ కవులు పాటించిన అష్టాదశ వర్ణనలలో సముద్రం ఒకటి. నగరాన్నీ, పర్వతాన్నీ, ఋతువులనూ వర్ణించినట్లే సముద్రాన్ని కూడా వర్ణిస్తేనే కావ్యానికి నిండుదనం వస్తుందని లాక్షణికులు భావించారు. అయితే ఆ వర్ణనలను శ్రద్ధగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. కవులందరూ ఒడ్డున నిలబడి చూసినవారే. అలల ఘోష, నురుగు, చంద్రోదయ వేళ ఉప్పొంగే నీరు - ఇవి కంటికి కనిపించినవి. నీటి అడుగున ఉన్నదంతా ఊహ. రత్నరాశులు, నాగలోకం, బడబాగ్ని, ఇంద్రుడి వజ్రాయుధానికి వెరచి దాగిన మైనాకుడు - ఆ ఊహ అందమైనదే. కాని ఆ లోతులలో నిజంగా ఏమున్నదో చూసి వచ్చి చెప్పినవాడు లేడు.

చూడాలనుకున్న మనిషికి ఎప్పుడూ అడ్డు తగిలింది ఊపిరి ఒక్కటే. మన్నారు సింధుశాఖలో ముత్యపు చిప్పల కోసం మునిగే జాలరులు బరువైన రాయి ఆసరాతో అడుగుకు దిగేవారు. గుండెలో దాచుకున్న గాలి తీరగానే పైకి రావలసిందే. పంతొమ్మిదో శతాబ్దంలో రాగి శిరస్త్రాణం, సీసపు అడుగులున్న బూట్లు వచ్చాయి. వాటిని ధరించినవాడికి పైనున్న పడవలోంచి గొట్టం ద్వారా గాలి అందేది. ఊపిరి దొరికింది గాని స్వేచ్ఛ పోయింది. గొట్టం ఎంత పొడవుంటే అతడి లోకం అంత. గాలిని వీపున మోసుకుపోయే సాధనం కోసం ఫ్రాన్సులోనే పలువురు ప్రయత్నించారు. పూర్తి సఫలత మాత్రం 1943లో లభించింది. దానిని సాధించినవారు ఇద్దరు. ఒకరు ఎమీల్ గాన్యా అనే ఇంజనీరు. రెండవవాడు జాక్ ఈవ్ కూస్తో అనే నౌకాదళాధికారి.

కూస్తో 1910 జూన్ 11న ఫ్రాన్సు నైరుతి భాగంలో, బోర్డో నగరానికి సమీపంలోని సెంతాంద్రె ద క్యుబ్జాక్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి న్యాయశాస్త్రం చదివినవాడు. సంపన్నులైన అమెరికన్ల వద్ద ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేసేవాడు. అందువల్ల ఆ కుటుంబానికి ఒకచోట స్థిరనివాసమంటూ లేకపోయింది. బాల్యంలో కూస్తో రోగిష్ఠి పిల్లవాడు. రక్తహీనత, ఉదరవ్యాధి అతడిని పీడించాయి. పదేళ్ళ ప్రాయంలో కొంతకాలం న్యూయార్కులో ఉన్నప్పుడు వెర్మాంట్ రాష్ట్రంలోని వేసవి శిబిరానికి పంపారు. అక్కడి చెరువు అడుగున పేరుకున్న కొమ్మలనూ రెమ్మలనూ ఏరివేసే పని పిల్లలకు అప్పగించారు. నీటిలో మునగడం ఆయన నేర్చుకున్నది అక్కడే. పదమూడేళ్ళకు దాచుకున్న డబ్బుతో ఒక సినిమా కెమెరా కొన్నాడు. చదువుపై మాత్రం శ్రద్ధ తక్కువ. బడి కిటికీ అద్దాలు పగలగొట్టి బహిష్కరణకు గురయ్యాడు. తల్లిదండ్రులు క్రమశిక్షణకు పేరుపొందిన వసతి పాఠశాలలో చేర్పించాక గాని కుదుటపడలేదు. 1930లో బ్రెస్ట్‌లోని నౌకాదళ కళాశాలలో ప్రవేశం పొందాడు.

ఆయన కోరిక సముద్రం కాదు, ఆకాశం. నౌకాదళ విమాన చోదకుడు కావాలని శిక్షణ పొందుతున్న రోజుల్లో, 1936లో, ఒక రాత్రి కారు ప్రమాదం జరిగింది. రెండు చేతులూ దెబ్బతిన్నాయి. నెలల తరబడి చికిత్స జరిగినా విమానయానం కలగానే మిగిలింది. తూలాన్ రేవుకు బదిలీ అయిన తరువాత చేతుల సత్తువ కోసం రోజూ సముద్రంలో ఈదేవాడు. అక్కడ పరిచయమైన ఫిలిప్ తయ్యే అనే సహోద్యోగి, నీటిలో ధరించే కళ్ళద్దాలు ఇచ్చి చూడమన్నాడు. కూస్తో వాటిని పెట్టుకొని ముఖం నీటిలో ముంచాడు. అంతవరకు మసకగా కనిపించిన ఆకుపచ్చని నీరు ఒక్కసారిగా తేటపడి, అడుగున రాళ్ళూ, నాచు వనాలూ, వాటి మధ్య సంచరించే చేపలూ కనిపించాయి. తల పైకెత్తితే ఒడ్డున మోటారు బండ్లు, విద్యుత్తు స్తంభాలు, మనుషులు. వంచితే మరొక లోకం. ఆ రెండింటి నడుమ ఉన్నది పలుచని నీటి పొర మాత్రమే. ఆయన జీవితం ఆ రోజున మలుపు తిరిగింది.

1937లో సిమోన్ మెల్కియోర్‌తో వివాహమైంది. ఆమెది తరతరాలుగా నౌకాదళ సంప్రదాయం గల కుటుంబం. తండ్రి పారిశ్రామిక వాయువులను తయారుచేసే ఎయిర్ లిక్విడ్ సంస్థలో ఉన్నతోద్యోగి. ఈ బంధుత్వం తరువాతి కథకు ముఖ్యం. కూస్తో, తయ్యే, ఫ్రెడెరిక్ దుమా అనే గజ ఈతగాడు - ఈ ముగ్గురూ విడదీయరాని మిత్రులయ్యారు. ఆ రోజుల్లో వారికి సముద్రమంటే వేటస్థలం. ఈటెలు పట్టుకొని మునిగి పెద్ద పెద్ద చేపలను పొడిచి తెచ్చేవారు. లోతున ఎక్కువసేపు నిలవాలన్న కోరికతో కూస్తో 1939లో శుద్ధ ఆక్సిజన్‌తో ప్రయోగం చేశాడు. లోతుకు పోయినకొద్దీ ఒత్తిడికి లోనైన ఆక్సిజనే విషమవుతుంది. రెండుసార్లు మూర్ఛ వచ్చింది. రెండుసార్లూ ప్రాణాలతో బయటపడడం అదృష్టమే.

రెండవ ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయింది. పెట్రోలు కరవైంది. బండ్లను గ్యాసుతో నడపడానికి, యంత్రానికి ఎంత అవసరమో అంతే గ్యాసును అందించే ఒక కవాటాన్ని ఎయిర్ లిక్విడ్ ఇంజనీరు గాన్యా రూపొందించాడు. 1942 డిసెంబరులో కూస్తో మామగారి ద్వారా పారిస్‌లో ఆయనను కలుసుకొని తన అవసరం చెప్పాడు. సిలిండరులో బిగించిన గాలి, మనిషి పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడితో నోటికి అందాలి. బండికి పనికివచ్చిన కవాటం మనిషికి ఎందుకు పనికిరాదని గాన్యా దానినే మార్చి ఇచ్చాడు. 1943 జనవరి చలిలో మార్న్ నదిలో తొలి పరీక్ష జరిగింది. బల్లపరుపుగా ఈదుతున్నంతసేపు సాధనం చక్కగా పనిచేసింది. నిటారుగా నిలబడితే గాలి వృథాగా బయటికి పోయింది. తలకిందులైతే ఊపిరి అందడమే కష్టమైంది. ఇద్దరూ నిరాశతో ఇంటిముఖం పట్టారు. దారిలోనే కారణం తట్టింది. విడిచిన గాలి బయటికి పోయే ద్వారం, పీల్చే గాలినిచ్చే కవాటం వేర్వేరు ఎత్తులలో ఉన్నాయి. జానెడు కూడా లేని ఆ తేడాకే నీటి ఒత్తిడి మారుతున్నది. రెండింటినీ ఒకే మట్టానికి తెచ్చారు. సమస్య తీరింది. ఆ సాధనమే ఆక్వాలంగ్. ఈనాడు స్కూబా ఈతలో వాడే రెగ్యులేటర్లకు మూలపురుషుడు అదే.

ఆ సంవత్సరం జూన్‌లో బందోల్ వద్ద, శత్రుసైనికుల కంటపడని ఒక చిన్న సముద్రపు మలుపులో కూస్తో ఆక్వాలంగ్ ధరించి నీటిలో దిగాడు. సిమోన్ పైన ఈదుతూ భర్తను కనిపెట్టుకొని ఉంది. ఆపద వస్తే దూకడానికి దుమా ఒడ్డున సిద్ధంగా నిలిచాడు. కూస్తో కాళ్ళు కదిపి ముందుకు సాగాడు, తలకిందులయ్యాడు, గిరికీలు కొట్టాడు. ఏ భంగిమలోనూ ఊపిరి తడబడలేదు. ఒక గుహ కప్పున గుంపుగా ఉన్న లాబ్‌స్టర్లను పట్టి భార్య చేతికి అందించి మళ్ళీ మునిగాడు. యుద్ధకాలపు కటకటలో ఆనాటి విందు ఎంత రుచించి ఉంటుందో ఊహించవచ్చు.

ఊపిరి సమస్య తీరినంత మాత్రాన సముద్రం లొంగలేదు. దాని నియమాలు దానికున్నాయి. ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం అదనంగా పైబడుతుంది. పది మీటర్ల లోతున గాలి ఘనపరిమాణం సగానికి తగ్గుతుంది. ఈతగాడు ఊపిరి బిగబట్టి వేగంగా పైకి వస్తే ఆ గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చివేస్తుంది. గాలిలోని నైట్రోజన్ లోతున రక్తంలో కరిగి, తొందరపడి పైకి వచ్చినప్పుడు బుడగలై కీళ్ళనూ నరాలనూ బాధిస్తుంది. అందుకే నెమ్మదిగా, ఆగి ఆగి రావాలి. ఇక ఎక్కువ లోతున అదే నైట్రోజన్ మద్యం వలె మత్తెక్కిస్తుంది. 1943 అక్టోబరులో దుమా 60 మీటర్లకు మించి దిగినప్పుడు ఆ మత్తును స్వయంగా అనుభవించాడు. ఆ స్థితిలో మనిషికి భయం పోతుంది. భయం పోవడమే అన్నిటికన్నా ప్రమాదం. రంగులు కూడా అక్కడ మాయమవుతాయి. నీరు మొదట ఎరుపును హరిస్తుంది, తరువాత నారింజను, పసుపును. లోతున చేపకు గాయమైతే దాని నెత్తురు ఆకుపచ్చగా కనిపించిందని ఆ మిత్రులు గమనించారు. కాని దీపం తీసుకుపోయి చూస్తే నల్లని రాతిగోడలు ఎర్రని స్పంజికలతో, పగడాలతో జ్వలిస్తాయి. వెలుగు చొరని చోట ఆ రంగులు ఎవరికోసమో మన అలంకారికులను అడగవలసిన ప్రశ్న.

యుద్ధకాలంలో కూస్తో దేశవిమోచన దళాలకు రహస్యంగా సహకరించాడు. ఆయన అన్న పియేర్ ఆంత్వాన్ మాత్రం జర్మన్ల పక్షాన పత్రికారచన చేశాడు. యుద్ధానంతరం విచారణ జరిగినప్పుడు అన్న తరఫున సాక్ష్యం చెప్పడానికి కూస్తో వెనుదీయలేదు. ఆ సాక్ష్యం నౌకాదళంలో తనకు మేలు చేయదని ఆయనకు తెలియనిది కాదు.

1945లో తూలాన్‌లో నౌకాదళం సముద్రాంతర పరిశోధన బృందాన్ని నెలకొల్పింది. తయ్యే, కూస్తో, దుమా అందులో ముఖ్యులు. మోరిస్ ఫార్గ్ అనే సాహసి వారితో చేరాడు. 1946లో ఈ బృందం ప్రొవాన్స్‌లోని వోక్లూజ్ ఊటబావి రహస్యాన్ని ఛేదించబూనింది. ఇటలీ మహాకవి పెట్రార్క్ ఒకప్పుడు నివసించింది ఆ ఊట చెంతనే. కూస్తో, దుమా ఒకే తాటికి కట్టుకొని చీకటి గుహలో దిగారు. కొంత లోతుకు పోయాక ఇద్దరికీ బుద్ధి మందగించింది. ఎందుకు వచ్చారో మరచిపోయారు. దుమా స్పృహ తప్పే స్థితికి చేరాడు. కూస్తో ఆయనను పట్టుకొని రాతిగోడ వెంట పైకి ప్రాకడానికి ప్రయత్నించి అలసిపోయాడు. పైన తాడు పట్టుకొని ఉన్న ఫార్గ్ అపాయాన్ని గ్రహించి బలంగా లాగినందువల్ల ఇద్దరూ బ్రతికారు. లోతు మత్తు అనుకున్నది నిజానికి విషం. గాలి నింపే యంత్రం తన పొగను తానే పీల్చి కార్బన్ మోనాక్సైడ్‌ను సిలిండర్లలోకి ఎక్కించింది.

మరుసటి సంవత్సరం మనిషి ఎంత లోతుకు దిగగలడో తేల్చాలనుకున్నారు. బరువు కట్టిన తాడును సముద్రంలోకి వదిలి, దానికి అక్కడక్కడ చిన్న పలకలు కట్టారు. దిగినవాడు తాను చేరిన లోతున పలకపై సంతకం చేయాలి. ఫార్గ్ మొదట దిగాడు. అంతా బాగున్నదని తాడు ద్వారా సంకేతాలు పంపుతూ వచ్చాడు. ఆపైన సంకేతాలు ఆగిపోయాయి. పైకి లాగితే నోటిలో ఉండవలసిన గొట్టం ఊడి రొమ్ముపై వేలాడుతున్నది. గంటల తరబడి ఉపచారం చేసినా ప్రాణం తిరిగి రాలేదు. తాడును లాగి చూస్తే 120 మీటర్ల లోతున ఉన్న పలకపై ఆయన సంతకం ఉంది. వోక్లూజ్‌లో తమను లాగి బ్రతికించిన చేతి సంతకం అది. తమ పని అంత విలువ చేస్తుందా అని ఆ బృందం తర్కించుకున్నది. పని ఆగలేదు. మామూలు గాలితో దిగడానికి ఒక హద్దు ఉన్నదనే జ్ఞానాన్ని మాత్రం ఒక మిత్రుడి ప్రాణం పెట్టి కొనుక్కున్నారు.

1950లో కూస్తోకు ఒక ఓడ లభించింది. అది బ్రిటిష్ నౌకాదళం కోసం అమెరికాలో నిర్మించిన కొయ్య ఓడ. యుద్ధంలో సముద్రపు మందుపాతరలు ఏరివేసేది, శాంతి వచ్చాక మాల్టా ద్వీపాల మధ్య ప్రయాణికులను దాటించేది. గిన్నిస్ వంశానికి చెందిన ఒక బ్రిటిష్ ధనికుడు దానిని కొని, ఏడాదికి ఒక ఫ్రాంకు అద్దెకు కూస్తోకు ఇచ్చాడు. దాని పేరు కలిప్సో. గ్రీకు ఇతిహాసంలో ఒడిస్సియస్‌ను తన దీవిలో ఏళ్ళ తరబడి నిలిపి ఉంచిన అప్సరస పేరది. ఈ కలిప్సో కూస్తోను దాదాపు అర్ధశతాబ్దం వదలలేదు. దానిని సిద్ధం చేయడానికి సిమోన్ తన నగలు అమ్మింది. ఓడమీద అందరికన్నా ఎక్కువ కాలం గడిపింది కూడా ఆమెయే. నావికులకు అన్నం, మందు, మందలింపు ఆమె చేతిమీదుగానే అందేవి. కాని కెమెరా ముందుకు రావడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. కూస్తో కీర్తిలో ఆమె భాగం ఎంతో లోకానికి ఆలస్యంగా తెలిసింది.

కలిప్సో తొలి కార్యాలలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది గ్రాన్ కాంగ్లువే ద్వీపపు కథ. మార్సే రేవుకు ఆగ్నేయంగా సముద్రంలో నిలిచిన తెల్లని సున్నపురాతి దిబ్బ అది. చెట్టు లేదు, మంచినీరు లేదు, మనిషి లేడు. మిస్ట్రాల్ అనే ఉత్తరపు గాలి రేగితే పడవ నిలవదు. ఆ గాలి పైనున్న వెచ్చని నీటిని దూరంగా నెట్టివేయగా అడుగునుంచి చల్లని నీరు పైకి వస్తుంది. వేసవిలో కూడా ఈతగాడి ఎముకలు కొరికే చలి. నీటి కింద ద్వీపపు గోడ నిట్టనిలువుగా దిగిపోతుంది. ఎండ తగిలే మేర గోధుమరంగు నాచు, ముళ్ళబంతుల వంటి సముద్రపు అర్చిన్లు. మరికొంత దిగితే విసనకర్రల వలె చేతులు చాచిన గోర్గోనియన్లు, రాతి చూరుల కింద తలకిందులుగా పెరిగే ఎర్రపగడం, పగుళ్ళలోంచి తొంగిచూసే పెద్ద ఈల్ చేపలు.

మునిగిన ఓడల లోహాన్ని వెలికితీసి పొట్టపోసుకునే ఒక ఈతగాడు పైకి రావడంలో నియమం తప్పినందువల్ల తీవ్రంగా అస్వస్థుడై, తూలాన్‌లో కూస్తో బృందంవారి చికిత్స పొందాడు. ఇక సముద్రంలో దిగలేనని తెలిశాక, కృతజ్ఞతగా తన రహస్యం ఒకటి దుమాకు చెప్పాడు. ఆ దీవి పక్కన లాబ్‌స్టర్లు బాగా దొరికే చోట ఒకటి ఉన్నదనీ, అక్కడ పాత జాడీలు కుప్పగా పడి ఉన్నాయనీ ఆ రహస్యం. 1952లో కూస్తో వెళ్ళి సుమారు 40 మీటర్ల లోతున ఆ కుప్పను కనుగొన్నాడు. పైకి తెచ్చిన పాత్రలను చూడగానే మార్సే పురావస్తు శాస్త్రవేత్త ఫెర్నాన్ బెన్వా అవి క్రీస్తుకు పూర్వపువని గుర్తించాడు. మద్యం రవాణాకు వాడిన ఆంఫొరాలనే రెండు చెవుల కూజాలు, నల్లని మెరుగు పెట్టిన భోజనపాత్రలు వేలకొద్దీ ఉన్నాయి. కొన్ని కూజాలలో ఆక్టోపస్‌లు రాళ్ళూ గవ్వలూ పోగుచేసుకొని కాపురముంటున్నాయి. రెండువేల ఏళ్ళ కిందటి వర్తకుడి సరుకు వాటికి ఇల్లయింది.

దీవి మీద గుడిసె వేసి, యంత్రాలు దించి, ఏళ్ళ తరబడి తవ్వకం సాగించారు. ఆ లోతున ఒక్కొక్కరు పావుగంటకు కాస్త ఎక్కువ సేపు మాత్రమే పనిచేయవచ్చు. పెద్ద గొట్టంతో బురదను పీల్చి పైకి తెచ్చి జల్లెడ పట్టేవారు. తొలి ఏడాది చివరలోనే తుఫానుకు తెగిపోయిన లంగరు గొలుసును వెతకబోయి ఒక యువ ఈతగాడు మరణించాడు. ఇంత శ్రమకూ ఫలితంగా వెలువడిన నిర్ణయం ఒక విధంగా తప్పు. అక్కడ మునిగింది ఒకే ఓడ అని బెన్వా విశ్వసించాడు. పాత్రల కాలాలు పొసగక పండితులు తలలు పట్టుకున్నారు. దశాబ్దాల తరువాత పునఃపరిశీలనలో అవి రెండు ఓడలని తేలింది. ఒకటి మునిగిన సుమారు నూరేళ్ళకు సరిగా దాని మీదనే రెండవది మునిగింది. ప్రక్షిప్తాలు చేరిన తాళపత్ర ప్రతిని పరిష్కరించడానికి కూర్చున్నవారికి ఈ చిక్కు కొత్తది కాదు. ఏ పొర ఎక్కడ ముగిసిందో గుర్తు పెట్టుకోకుండా తవ్వితే తరువాత ఎవరూ విడదీయలేరు. అయినా సముద్రగర్భ పురాతత్త్వం అక్కడే అక్షరాభ్యాసం చేసింది. తొలి అక్షరాలు వంకరగా ఉండడంలో వింత లేదు.

1953లో కూస్తో, దుమా కలిసి తమ అనుభవాలను 'నిశ్శబ్ద ప్రపంచం' అనే పేరుతో గ్రంథంగా వెలువరించారు. అది అనేక భాషలలోకి వెళ్ళి లక్షలాది ప్రతులు అమ్ముడయింది. అదే పేరుతో, అప్పటికి ఇరవైల్లో ఉన్న లూయీ మాల్‌తో కలిసి తీసిన చిత్రం 1956లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారాన్ని, తరువాత ఆస్కారును పొందింది. దానిలో కొన్ని దృశ్యాలు హిందూమహాసముద్రంలో సీషెల్స్ ద్వీపాలకు చెందిన అసంప్షన్ దీవి వద్ద చిత్రించారు. అక్కడి నీరు స్ఫటికం వంటిది. చిలుక చేపలు, సీతాకోక చేపలు గుంపులు గుంపులుగా తిరిగే పగడపు తోటలవి. ఈటె ఎరుగని చేపలు కావడంచేత మనిషిని చూసి బెదరలేదు. గ్రూపర్ జాతికి చెందిన ఒక పెద్ద చేప ఈతగాళ్ళతో చెలిమి చేసింది. దానికి జోజో అని పేరు పెట్టారు. అది మాంసం కోసం వెంటపడేది, కెమెరాకు అడ్డం వచ్చేది. ఒకనాడు మాంసాన్ని సంచితోసహా మింగి జబ్బుపడింది కూడా. దాని అల్లరి మితిమీరడంతో సొరచేపల నుంచి రక్షణకై తెచ్చుకున్న పంజరంలో దానినే బంధించవలసివచ్చింది.

ఆ చిత్రంలోనే నేడు చూడడానికి మనసొప్పని దృశ్యాలూ ఉన్నాయి. చేపల జాతులను లెక్కించడానికి ఒక పగడపు దిబ్బలో డైనమైట్ పేల్చారు. కలిప్సో చక్రానికి చిక్కి ఒక తిమింగలపు పిల్ల తీవ్రంగా గాయపడింది. దాని నెత్తురుకు మూగిన సొరచేపలను నావికులు కసితీరా చంపారు. కూస్తో వీటిని దాచలేదు. దాచవలసిన పనులని ఆనాడు ఆయనకు తోచనే లేదు. 1954లో అబూదాబీ తీరాన చమురు జాడలు వెతికిపెట్టి ఆ డబ్బుతో ఓడ నడిపినవాడు కూడా ఆయనే. ఆయనను పుట్టుకతోనే ప్రకృతి ప్రేమికుడిగా చిత్రించేవారు ఈ సంగతులను దాటవేస్తారు. దాటవేస్తే ఆయన ఎంత దూరం నడిచాడో తెలియదు.

1957లో ఆయన మొనాకో సముద్ర విజ్ఞాన మ్యూజియానికి సంచాలకుడయ్యాడు. మూడేళ్ళకు ఫ్రెంచి అణుశక్తి సంస్థ రేడియోధార్మిక వ్యర్థాలను మధ్యధరా సముద్రంలో పారవేయబూనింది. కూస్తో బహిరంగంగా ప్రతిఘటించాడు. తీరవాసులు కదిలారు. ప్రభుత్వం ఆ ఆలోచన మానుకోవలసివచ్చింది. తన మాటకు జనాన్ని కదిలించే బలమున్నదని ఆయన తెలుసుకున్నది అప్పుడే.

అయినా సముద్రంలో మనిషి కాపురం పెట్టగలడన్న కల ఇంకా వదలలేదు. 1962లో మార్సే ఎదుట పది మీటర్ల లోతున ఉంచిన ఉక్కు గదిలో ఇద్దరు వారం రోజులు నివసించారు. మరుసటి ఏడాది సూడాన్ తీరానికి దూరంగా, ఎర్రసముద్రంలోని షాబ్ రూమీ పగడపు దిబ్బ మీద ఒక చిన్న ఊరే వెలసింది. సముద్ర నక్షత్రం ఆకారపు ఇల్లు, నీటి కింద తిరిగే పళ్ళెం వంటి వాహనానికి గుమ్మటపు కొట్టు, పనిముట్ల గది, చేపల పంజరాలు. అయిదుగురు అక్కడ నెల రోజులు గడిపారు. ఇద్దరు ఇంకా లోతున మరొక చిన్న గదిలో వారం ఉన్నారు. భార్యాభర్తలు తమ పెళ్ళిరోజును ఆ ఇంటిలోనే జరుపుకున్నారు. 1965లో ఆరుగురు వంద మీటర్ల లోతున మూడు వారాలు ఉండి వచ్చారు. వారిలో చిన్న కుమారుడు ఫిలిప్ ఒకడు. ఆ తరువాత కూస్తో ఈ ప్రయోగాలు విరమించాడు. ఖర్చు ఒక కారణం. ఆలోచన మారడం మరొక కారణం.

1960ల చివరి నుంచి టెలివిజన్ ధారావాహికల ద్వారా ఎర్రని ఉన్నిటోపీ ధరించిన ఆ బక్కపలుచని మనిషి దేశదేశాల ఇళ్ళలోకి ప్రవేశించాడు. చిత్రాల కోసం తాను ఒకప్పుడు ఈదిన చోట్లకే మళ్ళీ వెళ్ళేవాడు. యువకుడిగా పెద్ద పెద్ద గ్రూపర్లు చూసిన మధ్యధరా రాళ్ళ దగ్గర అవి కనిపించలేదు. సముద్రపు గడ్డి మైదానాలు పలచబడ్డాయి. మురుగునీరు, రసాయనాలు, మితిమీరిన వేట అందుకు కారణాలు. ఆ వేటగాళ్ళలో ఒకప్పుడు తానూ ఒకడినన్న ఎరుక ఆయనకు ఉంది. 1973లో సముద్ర సంరక్షణకై కూస్తో సొసైటీ స్థాపించాడు.

అన్ని యాత్రలలోనూ తండ్రికి కుడిభుజంగా నిలిచినవాడు ఫిలిప్. తండ్రికి దక్కని విమాన చోదక విద్య ఆయనకు దక్కింది. 1979 జూన్ 28న పోర్చుగల్‌లో టాగస్ నదిపై దిగుతూ ఫిలిప్ నడుపుతున్న నీటి విమానం విరిగిపోయింది. అప్పటికి ఆయన వయసు ముప్ఫై ఎనిమిది. ఒకప్పుడు కారు ప్రమాదం తనను ఆకాశానికి దూరం చేసి బ్రతికించిందనుకుంటే, ఆ ఆకాశమే కొడుకును తీసుకుపోయింది. పెద్ద కుమారుడు జాన్ మిషెల్ వచ్చి పనులు చేపట్టాడు. కొంతకాలానికి తండ్రీకొడుకులకు అభిప్రాయభేదాలు వచ్చి న్యాయస్థానం దాకా వెళ్ళాయి. 1988లో ఫ్రెంచి అకాడమీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకున్నది. 1990లో సిమోన్ క్యాన్సరుతో మరణించింది. ఆమె అస్థికలను మొనాకో ఎదుట సముద్రంలో కలిపారు. మరుసటి ఏడాది ఆయన మళ్ళీ వివాహం చేసుకున్నాడు.

ఎనభై ఏళ్ళ వయసులో ఆయన తలకెత్తుకున్న పని అంటార్కిటికా. ఆ హిమఖండంలో గనుల తవ్వకానికి దారితీసే ఒప్పందం సిద్ధమవగా, దానికి వ్యతిరేకంగా పది లక్షలకు పైగా సంతకాలు సేకరించాడు. ఫ్రాన్సు, ఆస్ట్రేలియా ఆ ఒప్పందాన్ని తిరస్కరించాయి. 1991లో మాడ్రిడ్‌లో కుదిరిన కొత్త ఒడంబడిక అక్కడ గనుల తవ్వకాన్ని నిషేధించింది. 1996 జనవరిలో సింగపూరు రేవులో ఒక బల్లకట్టు ఢీకొని కలిప్సో మునిగిపోయింది. దానిని పైకి తీశారు గాని అది మళ్ళీ ఆయనను ఎక్కించుకొని ప్రయాణించలేదు. 1997 జూన్ 25న పారిస్‌లో కూస్తో కన్నుమూశాడు. జీవితమంతా నీటిలో గడిపిన ఆయనను పుట్టిన ఊరి మట్టిలోనే సమాధి చేశారు.

షాబ్ రూమీ వద్ద నివాసగృహాన్ని ప్రయోగం ముగిశాక తీసివేశారు. గుమ్మటపు కొట్టు, కొన్ని పంజరాలు అక్కడే ఉండిపోయాయి. ఇనుప చువ్వల మీద మెత్తని పగడాలు అల్లుకున్నాయి, గుమ్మటం పైన గట్టి పగడాలు పళ్ళేల వలె పరచుకున్నాయి. అడుగున తెరచి ఉన్న ద్వారంలోంచి చిన్న చేపలు లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. గుమ్మటం లోపల తల పైకెత్తితే, అక్కడ ఈదినవారు విడిచిన గాలి కప్పు కింద ఒక వెండి పొరలాగా నిలిచి కనిపిస్తుంది.